జెస్సమిన్ దండ

జారిపడిన పిన్నీసు కోసం, పిల్లలు కూర్చున్న గదిలోని పాత పియానో వెనక్కి వంగింది లూరీన్ గ్రిసెట్. పిన్నీసు దొరకలేదు, పూలు దొరికాయి.

పసుపు జెస్సమిన్ పూలు, గుప్పెడు ఉంటాయి. వాడి రాలినవి కావు. ఎవరో తుంచి, అడుగు కొరికి, చప్పరించి, కనబడకుండా పియానో వెనక్కి తోసేశారు. తడి ఇంకా ఆరలేదు. ఒక పువ్వు మీద చిన్న పంటి గాటు ఉంది.

లూరీన్ ఆ పువ్వును వెలుతురుకు ఎత్తి చూసింది. 

పేరు విని మల్లెపువ్వుకు చుట్టం అనుకునేరు, ఏ చుట్టరికమూ లేదు. వేరు మొదలు తేనె దాకా ఆ తీగలో ప్రతిదీ విషమే. బ్లాక్ రివర్ ఒడ్డున ఆ తీగ కంచె మీదికి పాకిందంటే మేకల్ని అటు పోనివ్వరు. అలాంటిదాన్ని ఏరికోరి సౌత్ కరోలినా తన రాష్ట్ర పుష్పం చేసుకుంది. ఎందుకంటే చలి పూర్తిగా పోకముందే పూస్తుంది, బంగారం రంగులో ఉంటుంది, అంతే. పెద్దలు చట్టం చేసేటప్పుడు పిల్లలు దాన్ని నోట్లో పెట్టుకుంటారేమోనని ఎవరికి గుర్తుంటుంది?

ఈ పూలు ఆ గదిలోకి తెచ్చింది ఇంకెవరో అయితే వాళ్ళను తిట్టుకుని అయినా కాస్త ధైర్యం తెచ్చుకునేది. తెచ్చింది తనే.

ఆ రోజు 'తొలి దండు కుమార్తెల' సంఘం వారి రాష్ట్ర చిహ్నాల పండుగ. స్వాతంత్ర్య యుద్ధంలో తమ ముత్తాతల తాతలు బ్రిటిష్ వాళ్ళ మీద తుపాకీ పట్టారని రుజువులతో నిరూపించుకున్న ఆడవాళ్ళ సంఘం అది. లూరీన్ పూర్వీకుడు తుపాకీ పట్టలేదు గానీ, చిత్తడి అడవిలో దాక్కున్న దండుకు పంది మాంసం మోసుకెళ్ళాడు. దాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. ఏటా వసంతంలో బడి పిల్లలకు రాష్ట్ర చిహ్నాల వేషాలు వేసి వేదిక ఎక్కిస్తారు. కిందటేడు దాకా పూలదండలు కాగితంవే. కిందటేడు సంఘం రాష్ట్ర అధ్యక్షురాలు వచ్చి, "కాగితం పూలు కూడా ఎంత ముద్దుగా ఉన్నాయో!" అని నవ్వి వెళ్ళింది. ఆ నవ్వు తలుచుకుని ఊరి శాఖ అధ్యక్షురాలు వెర్నెల్ టిస్‌డేల్ ఏడాది పొడుగునా కుమిలిపోయింది. అందుకే ఈసారి లూరీన్ తన పెరటి వెనక చెట్లమీంచి తీగలు కోసుకొచ్చి, వేదిక మీద రాష్ట్ర జెండా చుట్టూ ఒక లావుపాటి దండ, పిల్లలు కూర్చునే గది కిటికీకి ఒకటి, మనవరాలు డెల్ఫీ తలకు ఒక చుట్ట కట్టింది.

నోట్లో పెట్టుకోవద్దని పిల్లలకు చెప్పాలనుకుంది. ఈ ఊరి పిల్లలకు కొత్తగా చెప్పేదేముందిలే అనుకుని ఊరుకుంది. టైర్ల ఫ్యాక్టరీ వచ్చాక ఊళ్ళో సగం మంది ఈ ఊరివాళ్ళు కారన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు.

గదిలో ఆరుగురు పిల్లలు బెంచీ మీద వరసగా కూర్చున్నారు. ఒకడు తాటిచెట్టు, ఒకడు నీలం గ్రానైటు రాయి, ఒకడు ఉడకబెట్టిన వేరుశనక్కాయ, ఒక పిల్ల పాలగ్లాసు, అన్నీ రాష్ట్ర చిహ్నాలే. చివర్న రాష్ట్రం పిట్ట రెన్ వేషంలో ఇంగ్రిడ్. ఫ్యాక్టరీ పని మీద మంచుదేశం లాంటి మిన్నెసోటా నుంచి వచ్చిన వాళ్ళ పిల్ల. దాని పక్కన జెస్సమిన్ పువ్వు వేషంలో, పసుపు గౌనుతో డెల్ఫీ. ఇద్దరికీ ఏడేళ్ళు, ఒకే క్లాసు, ఒకే మాట.

"ఈ పూలు ఎవరు కోశారు?"

తను మామూలుగానే అడిగాననుకుంది. గొంతు మాత్రం కీచుగా వచ్చింది. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"మేం కాదండీ," అన్నాడు తాటిచెట్టు.

"నేనేం అననురా బంగారం. ఎవరు నోట్లో పెట్టుకున్నారో చెప్పండి చాలు."

"రాష్ట్రం పువ్వు కోస్తే షెరిఫ్ పట్టుకుపోతాడుగా, మిస్ లూరీన్," అన్నాడు గ్రానైటు రాయి, ఆ మాత్రం తెలీదా అన్నట్టు. "మేమెందుకు కోస్తాం?"

అందరూ ఒకేసారి గుమ్మం వైపు చూశారు. గుమ్మంలో దేశం జెండా పట్టుకుని డెప్యూటీ టోలివర్ నిలబడి ఉన్నాడు. యూనిఫాం, నడుముకు తుపాకీ. ఊరేగింపుగా జెండా మోయడానికి షెరిఫ్ ఆఫీసు నుంచి ఏటా ఒకరు వస్తారు, ఈసారి వంతు ఇతనిది.

 షెరిఫ్ సంగతి చెప్పింది ఎవరు? తనే కదా! పిల్లల చేత వల్లె వేయించిన ప్రమాణం రాసింది తను. రాష్ట్రం పువ్వును తుంచను, రాష్ట్రం పిట్టను కొట్టను, రాష్ట్రం చెట్టును గాయపరచను. రిహార్సల్లో పిల్లలు కిలకిలలాడుతుంటే ఒళ్ళు మండి, "నవ్వులాటగా ఉందా? పువ్వు తుంచితే షెరిఫ్ వచ్చి పట్టుకుపోతాడు. నా సొంత మనవరాలైనా సరే, నేనే పట్టిస్తా," అంది. అలాంటి చట్టమేదీ లేదు. పిల్లలు కిక్కురుమనకుండా ఉన్నారు, అదే చాలనుకుంది.

మొహాలు చూసి పోల్చుకుందామంటే ఆ దారీ లేదు. తాటిచెట్టు మొహం ఆకుపచ్చ, గ్రానైటు నీలం, వేరుశనక్కాయ మట్టిరంగు. రంగు పులమని బుగ్గ ఒక్కటి కూడా లేదు. ఎవరి మొహం పాలిపోయిందో, ఎవరి పెదవి వణుకుతోందో ఏమీ తెలియడం లేదు.

డెల్ఫీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"డెల్ఫీ, నువ్వు చెప్పమ్మా. నువ్వు ఆ పూల తేనె తాగావా?"

"నాకు తెలీదు అమ్మమ్మా," అంది డెల్ఫీ, తన బూట్లతో చెబుతున్నట్టు.

అప్పుడు గుర్తొచ్చింది కిందటేడు మే నెల. పెరటి కంచె దగ్గర ఏ విషమూ లేని తేనెపూలు విరగబూసిన రోజు. పువ్వును వెనక నుంచి ఎలా గిల్లాలో, సన్నటి దారాన్ని ఎలా లాగాలో, ఆ కొసన నిలిచిన చుక్కను నాలిక మీద ఎలా వేసుకోవాలో మనవరాలికి నేర్పింది తనే. చుక్క తగలగానే డెల్ఫీ కళ్ళు మూసుకుని నవ్వింది. పసుపు పువ్వు జోలికి మాత్రం పోవద్దని ఆ రోజు చెప్పిందా? చెప్పే ఉండాలి. చెప్పిందా? ఎంత తవ్వుకున్నా ఆ మాట అన్నట్టు గుర్తు రాలేదు.

నడవాలోకి వెళ్ళి విషాల సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. అవతల ఒకమ్మాయి ప్రశాంతంగా వయసెంత, ఎన్ని పూలు అని అడిగింది.

"ఏ పిల్లో తెలీదమ్మా. ఆరుగురున్నారు, ఎవరూ చెప్పడం లేదు."

"సరే వినండి. కళ్ళు వాలిపోతున్నాయేమో చూడండి. మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనబడటం. ముందు కళ్ళండీ, ఆ తర్వాత ఊపిరి. వాంతి చేయించకండి. ఎవరో తెలిస్తే ఆ పాపను ఒక్క నిమిషం ఆపకుండా ఆస్పత్రికి చేర్చండి. తెలీకపోతే అందర్నీ చేర్చండి. అంబులెన్సుకి నేను చెబుతాను."

అంబులెన్సు వాళ్ళు పక్క టౌను నుంచి రావాలి. నది మీద వంతెన మరమ్మతులో ఉంది, చుట్టు తిరిగి రావాలి. బయట ఉన్న పోలీసు కారు ఒక్కటే. అందులో పట్టేది ఇద్దరో ముగ్గురో.

ఫోన్ పెట్టేసి తిరిగితే వెర్నెల్ ఎదురుగా నిలబడి ఉంది. భుజం మీంచి నడుము దాకా రిబ్బను, దాని నిండా పతకాలు.

"ఇక్కడేం చేస్తున్నావే? రాష్ట్ర అధ్యక్షురాలు వచ్చి కూర్చుంది, టీ కూడా చల్లారిపోతోంది."

లూరీన్ జరిగింది చెప్పి, మైకులో తల్లులను పిలిచి వాళ్ళ కార్లలో పిల్లలందర్నీ ఆస్పత్రికి పంపుదామంది. వెర్నెల్ మొహం ముందు తెల్లబోయింది, వెంటనే గట్టిపడింది.

"నీకు మతి పోయిందా? మైకులో నిలబడి మన రాష్ట్రం పువ్వు విషమని చెబుతావా? ఆవిడ ముందా? కాగితం పూలకే ఏడాది పొడుగునా నవ్వులపాలయ్యాం!"

"వెర్నెల్, పిల్ల చచ్చిపోతుందే!"

"ఏ పిల్ల? పేరు చెప్పు. హాల్లో ఉన్న తల్లులందర్నీ బెదరగొట్టి, తీరా ఎవరూ తాగలేదని తేలితే?" అని, గుమ్మం వైపు తిరిగి కేక వేసింది. "టోలివర్! నువ్వడుగు నాయనా. నీకైతే నిజం చెబుతారు."

వద్దని లూరీన్ అనేలోపే టోలివర్ లోపలికి వెళ్ళాడు. మంచి కుర్రాడే. పిల్లల ముందు గొంతుక్కూర్చుని, నడుం బెల్టు కిర్రుమంటుంటే, "పూలు కోసిందెవరర్రా?" అని తనకు చేతనైనంత మెత్తగా అడిగాడు. పాలగ్లాసు భోరుమంది. వేరుశనక్కాయ పెంకులోకి తల లాక్కున్నాడు. డెల్ఫీ ఇంగ్రిడ్ చెయ్యి పట్టుకుంది. 

"చూశావా, ఎవరూ కాదు," అంది వెర్నెల్. పిల్లల మొహాల కేసి చూడకుండానే చప్పట్లు కొట్టింది. "పదండి పిల్లలూ, వేదిక మీదికి!"

అందర్నీ ఆస్పత్రికి తీసుకుపోదామని లూరీన్ అరుస్తూనే ఉంది. హాల్లో ఉన్న పెద్ద పియానో మోగింది. పిల్లలు బతుకుజీవుడా అని పరుగెత్తారు, షెరిఫ్ మనిషికి దూరంగా వెళ్ళడమే వాళ్ళకు కావలసింది.

లూరీన్ పక్క తలుపు దగ్గర నిలబడి చూసింది. వేదిక మీద ఆరుగురూ వరసగా నిలబడి ప్రమాణం మొదలుపెట్టారు. రాష్ట్రం పువ్వును తుంచను. తను రాసిన ముక్కే. ఆరు గొంతుల్లో ఒక గొంతు ముద్దగా, నాలిక మడత పడినట్టు, మిగతా వాటి వెనక ఈడుస్తూ వస్తోంది.  ఏ గొంతది? డెల్ఫీ పెదవులు కదులుతున్నాయి. దేవుడా, దానిది కాకూడదు! అనుకుంది, అనుకున్నందుకు మరుక్షణమే సిగ్గుపడింది. ఇంకెవరి పిల్లదైతే ఫరవాలేదా?

ఇక ఆగలేదు. వేదిక ఎక్కింది. జెండా చుట్టూ తెల్లవారుజాము నుంచి తను కట్టిన దండను రెండు చేతులా పట్టుకుని లాగింది. తీగ తెగలేదు, జెండా కర్రతో సహా ఊగింది. కాలు అడ్డం పెట్టి మళ్ళీ లాగింది. ఫట్టుమని తెగి పూలన్నీ కింద పడ్డాయి. వాటిమీద ఎక్కి బూట్లతో తొక్కింది. ముందు వరసలో రాష్ట్ర అధ్యక్షురాలి చేతిలో టీకప్పు అలాగే గాల్లో ఉండిపోయింది.

"లూరీన్!" అంది వెర్నెల్, ఊపిరాడనట్టు.

లూరీన్ పిల్లల వైపు తిరిగింది. జుట్టు ముడి వీడి మొహం మీద పడుతోంది, ఏడుపు ఆగడం లేదు, ఆపే ప్రయత్నమూ చెయ్యలేదు.

"చూడండర్రా! నేనే కోశాను. అన్నీ కోశాను, తొక్కాను కూడా. షెరిఫ్ నన్ను పట్టుకుపోయాడా? నేను చెప్పింది అబద్ధం. అలాంటి చట్టం ఎక్కడా లేదు. మీరు నవ్వుతున్నారని కోపమొచ్చి మిమ్మల్ని భయపెట్టాను. ఈ పువ్వులో విషముంది. తాగినవాళ్ళకి డాక్టరు కావాలి, అంతే. ఎవరమ్మా తాగింది?"

 టోలివర్ గుమ్మంలోంచి వచ్చాడు. జెండా పక్కన పెట్టి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, తెగిపడిన దండలోంచి ఒక పువ్వు తుంచి పిల్లలందరికీ కనబడేలా కింద పడేశాడు.

"నేనూ కోశాను," అన్నాడు. "ఎవరూ ఎవర్నీ పట్టుకుపోరు."

డెల్ఫీ బావురుమంది.

"ఇంగ్రిడ్ తాగింది అమ్మమ్మా. నేనే నేర్పాను. వెనక నుంచి గిల్లి."

లూరీన్ రెన్ పిట్ట వైపు చూసింది. అంతసేపూ అది తాటిచెట్టుకు ఆనుకుని నిలబడటం వేషంలో భాగమనుకున్నారు అందరూ. రెన్ పిట్టకు ఉంటుందని కనుబొమల మీద వేసిన తెల్లచారల కింద కనురెప్పలు సగానికి వాలి ఉన్నాయి.

"ఇంగ్రిడ్, నిజమేనామ్మా? నాతో చెప్పు."

పిల్ల తల ఎత్తాలని చూసింది. అటు చూసింది, ఇటు చూసింది.

"ఏ మిస్ లూరీన్‌తో చెప్పాలి?" అంది ముద్దముద్దగా. "ఇద్దరున్నారు."

లూరీన్ పిల్లను ఎత్తుకుని పరుగెత్తింది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులని మెట్లెక్కడం మానేసిన మనిషి. అట్టతో చేసిన రెక్కలు తలుపుకు కొట్టుకుని విరిగాయి. డెల్ఫీని టోలివర్ చంకనెత్తుకున్నాడు. ముందు సీట్లో దాన్ని కూర్చోబెట్టి, సైరన్ వేసి, కారును నది వెంబడి చుట్టుదారి పట్టించాడు. మిగిలిన నలుగుర్నీ అంబులెన్సు వచ్చేదాకా కళ్ళలో వత్తులేసుకుని చూడమని లూరీన్ కారులోంచే అరిచింది. వెర్నెల్ వరండాలో నిలబడి తల ఊపింది.

వెనక సీట్లో పిల్ల తల లూరీన్ మోచేతి మీద వాలిపోతోంది.

"నిద్రపోకు తల్లీ. మీ ఊళ్ళో మంచు గురించి చెప్పు. ఎంత ఎత్తు పడుతుంది?"

"చాలా," అంది ఇంగ్రిడ్. ఆ తర్వాత పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. లూరీన్ చెంపను పిల్ల ముక్కు దగ్గర పెట్టి ఊపిరి తగులుతోందా అని చూసింది. తగిలింది. కాసేపు తగల్లేదు. మళ్ళీ తగిలింది. 

"నువ్వు తాగావా డెల్ఫీ? నిజం చెప్పు."

"ఒక్కటే. బాగాలేదని ఉమ్మేశాను. ఇంగ్రిడ్‌కి బాగుందిట. చాలా తాగింది." ముందు సీట్లోంచి వెక్కిళ్ళు వినబడ్డాయి. "చెబుదామనే అనుకున్నా. సొంత మనవరాలైనా పట్టిస్తానన్నావుగా."

లూరీన్ ఇంగ్రిడ్ తలను ఇంకాస్త పైకి ఎత్తి పట్టుకుంది. 

ఆస్పత్రిలో ఇంగ్రిడ్‌ను చేతుల్లోంచి లాక్కున్నట్టే తీసుకుపోయారు. గొంతులో గొట్టం వేసి మిషన్ మీద ఊపిరి పోయిస్తున్నామని, ఈ విషానికి విరుగుడు మందు లేదని, అది ఒంట్లోంచి పోయేదాకా ఊపిరి ఆగకుండా చూడటమే వైద్యమని డాక్టరు చెప్పాడు. డెల్ఫీకి ఏమీ కాలేదు, అయినా రాత్రికి ఉంచుకుంటామన్నారు. మిగతా నలుగురూ నోట్లో పెట్టుకోలేదని తేలింది.

ఇంగ్రిడ్ తల్లి ఫ్యాక్టరీ నుంచి అలాగే వచ్చింది, మోచేతుల దాకా రబ్బరు మసి. అరుస్తుందని, కొడుతుందని లూరీన్ ఎదురుచూసింది. కొడితే బాగుండుననుకుంది. ఆమె బెంచీ మీద కూలబడింది.

"ఆ పువ్వు గురించి ఇంట్లో రోజూ చెప్పేదండీ," అంది మెల్లగా. "రాష్ట్రం పువ్వటమ్మా, మనం దాన్ని ప్రేమించాలట, అనేది. మేం కొత్తవాళ్ళం కదా, అది ఇక్కడి పిల్లయిపోతోందని సంతోషపడ్డాను. రాష్ట్రమే మెచ్చి పెట్టుకున్న పువ్వులో విషం ఉంటుందని ఎవరనుకుంటారు?"

"తప్పు నాదమ్మా," అంది లూరీన్. "పూలు తెచ్చింది నేను. షెరిఫ్ పేరు చెప్పి నోరు మూయించింది కూడా నేనే. లేకపోతే నీ బిడ్డ ముందే చెప్పేది."

ఆమె లూరీన్ వైపు చాలాసేపు చూసింది. తర్వాత మొహం తిప్పుకుంది. 

చీకటి పడే వేళకు వెర్నెల్ వచ్చింది. రిబ్బను లేదు, పతకాలు లేవు. వేదిక మీద ఊడిపోయిన ఇంగ్రిడ్ బూటు ఒకటి చేతిలో ఉంది.  బూటు ఒళ్ళో పెట్టుకుని నడవాలో చివరి కుర్చీలో కూర్చుంది, ఇంటికి పొమ్మన్నా పోలేదు.

మర్నాడు పొద్దున్న గొట్టం తీశారు. గండం గడిచిందని డాక్టరు చెబితే తల్లి పెద్దగా ఏడ్చింది. కాసేపటికి బయటికి వచ్చి, "మిమ్మల్ని చూస్తుందేమో రండి," అంది లూరీన్‌తో. పిలుపులో ప్రేమ లేదు, కోపమూ లేదు.

పిల్ల మొహం మీద రంగు ఎవరో తుడిచేశారు. తెల్లచారల కింద అంత చిన్న మొహం ఉందా అనుకుంది లూరీన్. మంచం పక్కన కూర్చుని, "ఎంతమందిని ఉన్నానమ్మా ఇప్పుడు?" అని అడిగింది.

ఇంగ్రిడ్ కళ్ళు చికిలించి చూసింది.

"ఒక్కరే," అంది బొంగురు గొంతుతో.

లూరీన్‌కి ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. ముందుకు వంగి పిల్ల చెయ్యి పట్టుకోబోయింది. ఇంగ్రిడ్ రెండు చేతులూ గబుక్కున దుప్పటి కిందికి లాక్కుంది. వేళ్ళకు ఇంకా పుప్పొడి పసుపు అంటి ఉంది, అది కనబడకుండా దాచుకుంటోంది.

"లేదమ్మా, షెరిఫ్ రాడు, ఎవరూ రారు," అంది లూరీన్. పిల్ల గుమ్మం వైపు చూసింది, మళ్ళీ లూరీన్ వైపు చూసింది. నిన్న వేదిక మీద చెప్పినదంతా అది విందో లేదో, విన్నా నమ్మిందో లేదో తెలియదు. చేతులు మాత్రం దుప్పటి కిందే ఉన్నాయి.

లూరీన్ కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకుని, తన చేతులు ఒళ్ళో పెట్టుకుని, పిల్ల చేతులు బయటికి వచ్చేదాకా అక్కడే కూర్చోవాలని నిశ్చయించుకుంది.